కొలిచి చేయించిన స్టూలు

దానం కూడా సరుకే. కనబడే చోట పెట్టకపోతే కదలదు. మా బజారు వర్తక సంఘం ఏటా వృద్ధాశ్రమానికి దుప్పట్లు ఇస్తుంది. ఇచ్చి ఇచ్చి మాకు విసుగొచ్చింది, పుచ్చుకుని పుచ్చుకుని వాళ్లకీ వచ్చే ఉంటుంది. పేపరువాళ్లు ఫొటో తియ్యడానికి రావడం ఎప్పుడో మానేశారు. అందుకని ఈ ఏడు మా అధ్యక్షుడు కొత్త ఆలోచన తెచ్చాడు. ఆయనది నగల షాపు. మాట్లాడే అవకాశం దొరికితే వదలడు కనుక వెనకాల అందరం మైకు అనే అంటాం.

"సేవానిధి ఈసారి మన పిల్లల చేతికిద్దాం," అన్నాడు మైకు. "పదిహేను, పదహారేళ్ల పిల్లలు. ఏం చెయ్యాలో వాళ్లే తేల్చుకుంటారు, వాళ్లే చేస్తారు. మనం వేలు పెట్టం."

వేలు పెట్టం అన్న మాట వేలెత్తి మరీ అన్నాడు.

అందరికంటే ముందు నేను సరేనన్నాను. నాది ఫర్నిచర్ షాపు. పెద్దవాళ్లకి దుప్పట్లు దాటి బుర్ర పోదు. పిల్లలైతే లైబ్రరీ అంటారు, చదువుకునే గది అంటారు. ఏ గదికైనా కుర్చీలు కావాలి, ఆ కుర్చీలు నా దగ్గరే కొనాలి.

పిల్లల కమిటీకి నా మేనకోడలు నాయకురాలైంది. ఓట్లు వేసి ఎన్నుకున్నామని చెప్పారు గాని, అది ఉన్న చోట ఇంకొకరిని ఎన్నుకోవడం కష్టం. ఇంట్లో దాన్ని లాయరు అంటాం. అన్నం వద్దనడానికి కూడా కారణాలు చూపించే పిల్ల. మా అక్కకి ఒక్కతే కూతురు. అక్కది బట్టల షాపు. బావ పోయాక అప్పులవాళ్లకి, సొంతవాళ్లకి ఎదురు నిలబడి ఒంటిచేత్తో నిలబెట్టుకుంది. నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు కనిపిస్తుంది గాని, బేరంలో మాత్రం నాకే నాలుగు పాఠాలు చెబుతుంది.

పిల్లలు ఆదివారాలు షాపు షాపుకీ తిరిగారు. చందాలు అడుగుతున్నారేమో అనుకుని కొందరు గల్లా పెట్టెకి తాళం కూడా వేశారు. చందా అడగలేదు. అమ్మేవాళ్ల దగ్గర కూర్చుని, కాదు, నిలబడి, ఏవేవో మాట్లాడి వెళ్లారు.

తర్వాత సంఘం హాల్లో మీటింగు పెట్టారు. మా లాయరు లేచింది.

"చుట్టుపక్కల ఎవరికి ఏం చెయ్యాలో మమ్మల్నే తేల్చుకోమన్నారు కదా. చుట్టుపక్కల అంటే ముందు మన షాపులే. అక్కడ పనిచేసే ఆడవాళ్లు షటరు ఎత్తినప్పటి నుంచి దించేదాకా నిలబడే ఉంటున్నారు. కస్టమర్లు లేనప్పుడు కూడా. కూర్చోవడానికి ఏమీ ఉండదు, ఉన్నా కూర్చోనివ్వరు. ఒకామెకి సాయంత్రానికి కాళ్లు వాచి చెప్పులు పట్టవట. చెప్పులు సంచిలో వేసుకుని ఇంటికి నడిచి వెళుతుందట."

ముందుగా తేరుకున్నది చెప్పుల షాపాయన.

"ఒక సైజు పెద్దవి కొనుక్కోమను తల్లీ. రేటు తగ్గించి ఇస్తాను."

కొందరు నవ్వారు. మైకు నవ్వలేదు. "ఎవరామె?" అన్నాడు.

"పేర్లు బయటపెట్టబోమని మాటిచ్చాం అంకుల్."

"పోనీ ఏ షాపు?"

"అన్ని షాపులూ."

"మరి ఏం చేద్దామంటావ్? అందరం వెళ్లి వాళ్ల కాళ్లు పిసుకుదామా?" అని వెనక నుంచి మందుల షాపాయన.

"స్టూళ్లు ఇద్దాం," అంది పిల్ల, తొణక్కుండా. "ప్రతి కౌంటరు వెనక ఒకటి. కస్టమరు లేనప్పుడు కూర్చుంటారు, వస్తే లేస్తారు. అంతే."

మైకు బంగారం తూచే మనిషి. ఏ పళ్లెం ఎటు వాలుతుందో ముందే చూడగలడు. వద్దంటే పిల్లల మాట తోసేశామని పేరొస్తుంది. సరేనంటే దుప్పట్ల కంటే కొత్త ఫొటో వస్తుంది. "అందరూ అన్నం పెడతారు, మన పిల్లలు ఆసనం వేస్తున్నారు," అని అక్కడే ఉపన్యాసం మొదలుపెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది మా అక్క. పక్కవాళ్లకి "మా అమ్మాయే" అని చెప్పడం కూడా నేను విన్నాను, ఆ సంగతి తెలియనివాళ్లు ఆ హాల్లో ఎవరూ లేకపోయినా.

ఆర్డరు నాకే వచ్చింది.

షాపు వెనకే నా వర్క్‌షాపు. మేనకోడలు బడి అయ్యాక టేపు పట్టుకుని అక్కడికే వచ్చేది. ప్రతి షాపులో ప్రతి కౌంటరూ కొలిచి పెట్టుకుంది.

"అన్నీ ఒకటే ఎత్తు చేయించు," అన్నాను. "ఒకటే రంగు. పని తొందరగా తెములుతుంది."

"కౌంటర్లు ఒకే ఎత్తు లేవు మామయ్యా. నగల షాపులో మోకాలి పైకి ఉంటుంది, మందుల షాపులో నా గడ్డందాకా వస్తుంది. అందరికీ ఒకటే ఇస్తే ఎవరికీ సరిపోదు. ఊరికే ఇచ్చినట్టుంటుంది."

"ఊరికే కదా ఇస్తున్నది."

"ఊరికే ఇచ్చేదైనా కొలిచి ఇవ్వాలి."

ఈ ముక్క ఏదైనా అమ్ముతూ చెప్పి ఉంటే దాన్ని అప్పటికప్పుడు భాగస్తురాలిని చేసుకునేవాణ్ని.

చివర్లో ఒక స్టూలు గురించి మా వడ్రంగికి వేరుగా చెప్పడం మొదలెట్టింది. కింద కాళ్లు ఆనించుకునే పలక కావాలట. పలక కాస్త వాలుగా ఉండాలట. కుడికాలు మడవడం కష్టం కనుక కుడివైపు కొంచెం ముందుకు రావాలట.

వడ్రంగి చెవి మీద పెన్సిలు తీసి తల గోక్కున్నాడు. "ఇది స్టూలా, సింహాసనమా లాయరమ్మా? గొడుగు కూడా పెట్టమంటావా?"

"గొడుగు వద్దులే. పలక చాలు."

"ఎవరికిది?" అన్నాను.

"చెప్పకూడదు."

నేను చేతిలో పని పక్కన పెట్టాను. "చూడు. కొలిచి కుట్టిన చొక్కాకి పేరు రాయక్కర్లేదు. తొడిగి చూస్తే ఎవరిదో తెలిసిపోతుంది. పలక పెడితే అన్నిటికీ పెట్టు. లేదంటే దేనికీ వద్దు."

"అన్నిటికీ పెట్టడానికి నిధి చాలదు."

"అయితే దీనికీ మానెయ్."

"మానేస్తే ఆమెకి ఇచ్చి ఏం లాభం? కాళ్లు వేలాడితే ఇంకా వాస్తాయి. అసలు ఈ పనంతా మొదలైంది ఆమె వల్లే."

"గొప్ప లాయరువే. సాక్షిని దాచిపెట్టి సాక్ష్యాన్ని వేదిక ఎక్కిస్తున్నావు."

అది నవ్వింది. "స్టూలు చూసి మనిషిని ఎవరు పోల్చుకుంటారు మామయ్యా?"

పిల్లలకి మనుషులు మనుషుల్లాగే కనిపిస్తారు. వ్యాపారం చేసేవాడికి ముందు కొలతలు కనిపిస్తాయి. రెండుసార్లు చెప్పాను, మూడోసారి చెప్పలేదు. కొనేవాళ్లతో మూడోసారి వాదించడం మా వృత్తిలో లేదు. వడ్రంగి పలక పెట్టాడు, చక్కగా నునుపు కూడా పట్టించాడు.

పంపిణీ రోజు వేదిక మీద స్టూళ్లు వరసగా పెట్టారు. ప్రతిదాని మీదా సంఘం పేరు పెయింటు చేయించారు, కూర్చుంటే కప్పబడిపోయే చోట. పేపరువాళ్లు వచ్చారు. ఒక్కో షాపు పేరు పిలుస్తుంటే యజమానులు లేచి వెళ్లి పుచ్చుకున్నారు. వాటి మీద కూర్చోవలసినవాళ్లు ఒక్కరూ రాలేదు. షాపులు తెరిచే ఉన్నాయి మరి, అమ్మడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా.

అక్క వంతు వచ్చింది. ఆమె స్టూళ్లలో పలక ఉన్నది ఒకటి ఉంది. ఫొటోకి నవ్వుతూనే ఆ పలక మీద చెయ్యి వేసి అటూ ఇటూ రాసింది. నేత సరిగ్గా ఉందో లేదో బట్ట మీద చెయ్యి వేసి చూసే మనిషి ఆమె. ఆ చెయ్యి నాకు తెలుసు.

మర్నాడు షాపు తెరవకముందే అక్క ఆ స్టూలు ఒక్కో కౌంటరు దగ్గరా పెట్టి చూసింది. ఇది ఆమే నాకు చెప్పింది, సరుకులో తేడా పట్టుకున్న గర్వంతో. మిగతా కౌంటర్ల దగ్గర ఎత్తు కుదరలేదు. లైనింగు బట్టల కౌంటరు వెనక మాత్రం బల్లలోకి సొరుగు పోయినట్టు దూరిపోయింది.

ఆ కౌంటరు మీటరక్కది. అసలు పేరు అందరూ మరిచిపోయారు, ఆమె కూడా అలా పిలిస్తేనే పలుకుతుంది. నా మేనకోడలు పుట్టకముందు నుంచి అక్కడే బట్ట కొలిచి చింపుతోంది. మా లాయరుకి నడక వచ్చింది ఆ కౌంటరు పట్టుకునే. అమ్మకి తీరిక లేనప్పుడు తాన్ల మీద దాన్ని పడుకోబెట్టి జోకొట్టింది ఆమే. ఆ చనువుతో, వచ్చి అడిగిన పిల్లకి ఇంట్లో పిల్లకి చెప్పుకున్నట్టు చెప్పుకుంది. ఫిర్యాదు చేస్తున్నానని కూడా అనుకుని ఉండదు.

అక్క కేకలు వెయ్యలేదు. పొమ్మనలేక పొగబెట్టినవాళ్లని చాలామందిని చూశాను. అక్క ఆ పొగ కూడా కళ్లకి తగలకుండా పెట్టింది. "అయ్యో, ఇంత బాధ పెట్టుకుని ఒక్క మాటైనా చెప్పలేదేం? పూర్తిగా తగ్గేదాకా ఇంటిపట్టున ఉండు. కాళ్లు ముఖ్యం," అంది. రెండు జతలకి సరిపడా బట్ట కూడా చింపి ఇచ్చింది. మధ్యాహ్నానికల్లా ఆ కౌంటరు వెనక కాళ్లు గట్టిగా ఉన్న కొత్త పిల్ల నిలబడి ఉంది. స్టూలు ఇవతలికి వచ్చింది, కొనడానికి వచ్చే ముసలమ్మలు కూర్చోవడానికి.

మిగతా షాపుల్లో స్టూళ్లకి ఏమైందో నేను అటు వెళ్లినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను. చెప్పుల షాపులో కస్టమర్లు వాటి మీద కూర్చుని జోళ్లు తొడిగి చూసుకుంటున్నారు. మందుల షాపులో పై అరలు అందడం లేదని ఎక్కడానికి వాడుతున్నారు. మైకు షాపులో ఒకదాని మీద మంచినీళ్ల క్యాను పెట్టారు. ఎత్తు సరిగ్గా కుదిరింది.

నాలుగైదు రోజులకి మేనకోడలు బడి యూనిఫారంలోనే నా షాపుకి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"నువ్వు అమ్మతో మాట్లాడు మామయ్యా. నా మాట వినడం లేదు. మీటరక్కని మళ్లీ పిలవమను. నేను కమిటీలోంచి తప్పుకుంటానని చెప్పు. ఇంకెప్పుడూ ఏమీ అడగనని చెప్పు."

"నువ్వు చెప్పావా ఆ మాట?"

"చెప్పాను. 'ఎందుకు తప్పుకోవడం, మంచి పేరొచ్చింది కదా' అంది."

వెళ్లాను. అక్క గల్లా దగ్గర తన మెత్తటి కుర్చీలో కూర్చుని బిల్లులు చూస్తోంది.

"ఆమెని తీసేశావటగా."

"తీసెయ్యడం ఏంట్రా? విశ్రాంతి ఇచ్చాను. పిల్లల కమిటీ కోరింది అదే కదా."

"అక్కా, ఆ మనిషి ఇన్నేళ్లు నీ దగ్గర..."

"నా దగ్గరే. ఇన్నేళ్లు నా దగ్గరే ఉండి, నాకు చెప్పలేదు. నా కూతురికి చెప్పింది." బిల్లు మీద నుంచి తలెత్తింది. "నా షాపులో మనుషులు చెప్పులు సంచిలో పెట్టుకుని వెళతారని, నా కడుపున పుట్టిన దాని చేత బజారందరి ముందు చెప్పించింది. నేనేం చేశానో తెలుసా? చప్పట్లు కొట్టానురా. ఎవరి షాపు సంగతో పాపం అనుకుని చేతులు నొప్పి పుట్టేలా కొట్టాను."

"నీకే చెప్పి ఉంటే కూర్చోనిచ్చేదానివా?"

"అది వేరే సంగతి."

"అదే కదా సంగతి."

"ఒరేయ్, ఒకత్తి కూర్చుంటే రేపు అందరూ కూర్చుంటారు. లోపలికి వచ్చేవాళ్లకి ఇక్కడ బేరాలు లేవనిపిస్తుంది. నీకు తెలియనిదా ఇది? నీతులు నాకు చెప్పకు. అంత జాలిగా ఉంటే నీ షాపులో పెట్టుకో. నీ దగ్గర కుర్చీలకేం కరువా?"

గుమ్మం దిగుతూ లెక్క వేసుకున్నాను. సోఫా కవర్లకి, కర్టెన్లకి బట్ట చూపించే మనిషి నాకూ కావాలి. బట్ట తెలిసిన మనిషి. పైగా ఇప్పుడు అవసరంలో ఉంది, జీతం దగ్గర గట్టిగా అడగదు. ఇందులో జాలి ఎంత, లాభం ఎంత అని ఎవరైనా విడదీయమంటే నేను విడదీయలేను.

మీటరక్క ఇంటికి మేనకోడలు కూడా వస్తానంది. మెట్ల కింద ఒంటి గది. ఆమె కుర్చీలో కూర్చుని, బోర్లించిన బకెట్టు మీద కుడికాలు చాపుకుని ఉంది. మమ్మల్ని చూసి లేచింది.

"లేవకు, కూర్చో," అన్నాను.

"మీరు నిలబడి ఉంటే నేనెలా కూర్చుంటాను బాబుగారూ? మీరే కూర్చోండి."

గదిలో ఉన్నది ఆ ఒక్క కుర్చీ. ఎవరూ కూర్చోలేదు. ముగ్గురం దాని చుట్టూ నిలబడి మాట్లాడుకున్నాం.

"నేను నీ పేరు చెప్పలేదక్కా. ఎవరికీ చెప్పలేదు," అంది మేనకోడలు.

"తెలుసు పాపా. నువ్వు చెప్పవు."

"మరి అమ్మకి ఎలా..."

"అంత బాగా చేయించావు కదమ్మా, నాకు తప్ప ఇంకెవరికీ సరిపోనంత బాగా." ఆ మాటలో కోపం లేదు. బట్ట మడత పెట్టినట్టు చదునుగా అంది. "ఇంకోసారి ఎవరికైనా చెయ్యాలనుకుంటే కాస్త నాసిరకంగా చెయ్యి తల్లీ. అప్పుడు ఎవరిదో తెలియదు."



పని సంగతి చెప్పాను. మీటరక్క జీతం ఎంతని అడగలేదు. "రేపు రమ్మంటారా, ఎల్లుండా?" అంది.

మా షాపులో పనివాళ్లు కుర్చీల మీద కూర్చోరు. ప్లాస్టిక్ కవరు మీద ముడత పడితే కొనేవాళ్లు వాడిన సరుకంటారు, బేరం అక్కడి నుంచి మొదలెడతారు. కౌంటరు లేదు కనుక కౌంటరు వెనక కూర్చోవడం అనేదీ లేదు. అందుకే పిల్లలు షాపులు తిరిగినప్పుడు, నా షాపు ఆ లెక్కలోకి వస్తుందని నాకు తోచనే లేదు. మీటరక్క కోసం గోడౌనులో ఒక పాత స్టూలు వేయించాను, మధ్యాహ్నం భోజనం చేసేటప్పుడు కూర్చోవడానికి. నా వృత్తిలో అంతకంటే కుదరదు.

మా సంఘం చేసిన పని చూసి మా పైనున్న జిల్లా వర్తక సంఘంవాళ్లు పిల్లల కమిటీకి బహుమతి ప్రకటించారు. మేనకోడలు వెళ్లనంది. బేకరీవాళ్ల అబ్బాయి వెళ్లి అందుకొచ్చాడు. ఆ బహుమతి సంఘం హాల్లో అద్దాల బీరువాలో ఉంది. వచ్చే ఏడు కూడా నిధి పిల్లలకే ఇస్తామని మైకు చెప్పాడు, కాకపోతే సలహాకి ఇద్దరు పెద్దవాళ్లుంటారట.

చాలా రోజులు మేనకోడలు నా షాపు వైపు రాలేదు. ఒక సెలవు రోజు వచ్చింది. మీటరక్క భోజనాల బల్లల దగ్గర కుర్చీలు తుడుస్తోంది. మేనకోడల్ని చూసి నవ్వి మళ్లీ పనిలో పడింది. అది కాసేపు చూసి నా దగ్గరికి వచ్చింది.

"ఇక్కడ కూడా నిలబడే ఉంది మామయ్యా."

"వెనక స్టూలు వేయించాను."

"వెనక్కి ఎప్పుడు వెళుతుంది?"

"భోజనానికి."

అది మీటరక్క దగ్గరికి వెళ్లింది. "షాపులో ఎవరూ లేరు కదక్కా. కాసేపు కూర్చో."

"వద్దు పాపా, బాగానే ఉంది." అంటూ నా వైపు చూసింది. నేను కూర్చోమనే అనబోయాను. ఈలోగా ఒకాయన లోపలికి వచ్చాడు.

వాళ్లమ్మకి కుర్చీ కావాలట. చేతులున్నది, వీపు ఆనేది. నేను చూపించిన దాన్ని చుట్టూ తిరిగి చూశాడు. కాళ్లు సన్నగా ఉన్నాయన్నాడు. బరువు ఆగుతుందా అన్నాడు. ఇలాంటప్పుడు మాటలతో పని కాదని ఫర్నిచర్ అమ్మేవాడెవడికైనా తెలుసు. మామూలుగా మా కుర్రవాణ్ని కూర్చోబెట్టి చూపిస్తాను. వాడు డెలివరీకి వెళ్లాడు.

కవరు తీసేసి, "నువ్వు కూర్చుని చూపించు," అన్నాను మీటరక్కతో. నోటికి అలవాటైన మాట, అలాగే వచ్చింది.

ఆమె చేతిలో గుడ్డ పక్కన పెట్టి కూర్చుంది.

"వెనక్కి ఆనమనండి," అన్నాడాయన. ఆనింది.

"చేతుల మీద బరువు వెయ్యమనండి." వేసింది.

ఆయన వంగి కాళ్ల దగ్గర చెవి పెట్టాడు. "కాసేపు అలాగే ఉండమనండి. కొన్ని వెంటనే చప్పుడు చెయ్యవు, కాస్త ఆగితే గాని కిర్రుమనవు. మా అమ్మ పొద్దస్తమానం కూర్చునే ఉంటుంది మరి."

మేమంతా మాట్లాడకుండా విన్నాం. మీటరక్క ఎదురుగా గోడ వైపు చూస్తూ కదలకుండా కూర్చుంది. కుర్చీ మంచి కుర్చీ, చప్పుడు చెయ్యలేదు.

"చాలమ్మా, లేవచ్చు," అన్నాడాయన.

ఆమె లేచి, కూర్చున్న చోట అరచేత్తో సాపు చేసి, గుడ్డ తీసుకుంది.

గుమ్మం దాకా వెళ్లిన మేనకోడలు "మామయ్యా" అంది. ఆయన రేటు అడుగుతున్నాడు. నేను అటు తిరక్కుండా బిల్లు పుస్తకం తీశాను.